ఒంటి బూటీ

నా చేతికి లేసు సూది, కొనకు కొక్కెం ఉండేది, వచ్చింది ఏడో ఏట. ఇప్పుడు నాకు యాభై రెండు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇదేమీ చెప్పుకోదగ్గ గొప్ప కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద చేరే ఆడవాళ్లలో చాలామంది కథ ఇదే. బల్లల మీద పరిచే గుడ్డలు, కుర్చీ వీపులకు తొడిగే ముక్కలు, గ్లాసుల కింద పెట్టే చక్రాలు, గౌనుల మెడపట్టీలు అల్లుతాం. నమూనా ఏజెంటుది, దారం ఏజెంటుది. తూచి ఇస్తాడు, తూచి తీసుకుంటాడు. అవన్నీ ఏ దేశాల్లో ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలియదు గానీ, మా ఇంట్లో లేసు పరిచిన బల్ల ఒక్కటీ లేదు. ఆ మాటకొస్తే బల్లే లేదు.

మా అమ్మాయికి ఐదో నెల వచ్చినప్పుడు ఏదో పని మీద భీమవరం వెళ్లి, పసిపిల్లల బట్టల కొట్టు ముందు ఆగాను. అద్దాల పెట్టెలో గులాబీ రంగు ఊలు బూటీలు, అంటే పసికాళ్లకు తొడిగే అల్లిక మేజోళ్లు, ఉన్నాయి. తీయించి, లోపలి వైపు తిప్పి చూశాను. లేసు అల్లేవాళ్లకు అదొక జబ్బు, ఏ గుడ్డనైనా ముందు తిరగేసి చూస్తాం. ముడి దగ్గర పోగుల కొసలు కుట్లలోకి దూర్చకుండా అలాగే వదిలేశారు. నాకు రోషం వచ్చింది. నలభై అయిదేళ్లుగా ఊరివాళ్లందరి బల్లలకూ అల్లినదాన్ని, ఇంట్లో పుట్టబోయే బిడ్డకు ఇవి కొని తొడగాలా? పెట్టెలో పెట్టించేసి బయటికొచ్చాను. తిరుగు బస్సులో కూర్చునేసరికే వేళ్లు గాలిలో గొలుసు వేస్తున్నాయి.

చిక్కల్లా మా అమ్మతో. మా ఇంట్లో బిడ్డ పుట్టకముందు ఏదీ సిద్ధం చేయరు. ఉయ్యాల అటక మీద నుంచి దింపరు, కొత్త బట్ట కొనరు. పుట్టాక కూడా మొదట ఒంటికి తగిలేది పాత నూలు చీర చింపిన మెత్తని గుడ్డే. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఈ విషయంలో ఆమెకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. అందుకని అబద్ధమాడాను. "కొత్త నమూనా అమ్మా, ఏజెంటు చేసి చూపించమన్నాడు" అన్నాను. అమ్మ సరేనంది.

మొదటిది నాకు వచ్చిన పద్ధతిలోనే అల్లాను. 20 నంబరు తెల్లదారం, ఒంటి పోగు, సన్నని ఉక్కు సూది. అడుగుకు నిండు కుట్లు, పైన వేళ్ల నుంచి చీలమండ దాకా అనాస డిజైను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అరచేతిలో నిలబెట్టుకుని చూస్తే నాకు నేనే మురిసిపోయాను.

పక్కింటి అమ్మాయి ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో తల్లీబిడ్డల్ని చూసుకునే నర్సుగా, పనిచేస్తుంది. నన్ను అత్తా అని పిలుస్తుంది. చూపిస్తే, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అంది. అంటూనే తన చిటికెన వేలి కొనను డిజైనులోని ఒక సందులోకి దూర్చి మెల్లగా మెలిపెట్టింది. దారం వేలి చుట్టూ ఉంగరంలా బిగిసింది. ఆ వేలిని అలాగే నా ముందు పెట్టింది.

"పసివాళ్ల కాలి వేళ్లు ఎంతుంటాయి అత్తా! ఊరికే కాళ్లాడిస్తుంటారు. సందులో దూరిన వేలు తన్నినకొద్దీ బిగుసుకుంటుంది. వేలు వాస్తుంది, వాచేసరికి దారం కండలోకి దిగి కనపడకుండా పోతుంది. రక్తం ఆడదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. పాలకేమో అనుకుంటారు, కడుపునొప్పేమో అనుకుంటారు. మేజోడు విప్పి చూడాలని ఎవరికీ తోచదు."

లోపల ఊడిన పోగు ఉన్నా, తల్లి తలవెంట్రుక ఒక్కటి పడి ఉన్నా ఇదే ప్రమాదమట. బాలింతలకు జుట్టు రాలుతుంది కాబట్టి తొడిగే ముందు ప్రతిసారీ తిరగేసి దులపాలని కూడా చెప్పింది. భీమవరంలో నేను చూసిన ఆ కొసలు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. అయినా వాటిని ఏమనగలను? నా చేతిలోని అనాస డిజైను వాటికంటే పదింతలు ప్రమాదం.

లేసు అంటేనే సందులు కదా. దారం కట్టే ఖాళీలోనే దాని అందమంతా. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఈ గోదావరి పల్లెల ఆడవాళ్లకు నేర్పారని చెప్పుకునేది ఆ విద్యే. మా అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చింది అదే. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా వీధిలో మిఠాయి పంచుకున్నదీ దానికే. ఇప్పుడు నాకు కావలసింది సందు లేని అల్లిక. ఆ రాత్రి అనాస బూటీని మొత్తం విప్పేశాను. విప్పడానికి పది నిమిషాలు పట్టలేదు.

పాలకొల్లు వెళ్లి బేబీ ఊలు కొన్నాను. భాద్రపదం ఉక్కలో నాలుగు చుట్లు అల్లేసరికి చేతి చెమటకు ఊలు సూది మీద కీచుకీచుమని సాగనంది. అల్లినంతవరకు మెడ కింద పెట్టుకుని కాసేపు పడుకున్నాను. దురద. మార్గశిరంలో పుట్టినా మా వైపు చలి తెల్లవారుజాము మంచు వరకే, తొమ్మిది దాటితే ఎండే. ఆ ఊలు ఉండ బీరువాలోకి పోయింది, ఇంకా అక్కడే ఉంది.

ఇక నూలే. లావు నూలు దారం దొరకలేదు. ఉన్న 20 నంబరు దారాన్నే నాలుగు పోగులు కలిపి అల్లాలనుకున్నాను. ఏజెంటు దారం ముట్టలేదు, నా డబ్బుతో కొట్టులో కొన్నాను. నాలుగు ఉండల్ని నాలుగు గిన్నెల్లో వేసి, నాలుగు కొసలూ కలిపి వేలికి చుట్టుకుని, మూడు మిల్లీమీటర్ల సూది పట్టుకున్నాను. ఉక్కు సూది పట్టిన చేతికి అది గరిటెలా అనిపించింది.

నాలుగు పోగులతో అల్లేవాళ్లకు ఒక మాట చెప్పాలి. సూది కొక్కెం నాలుగింటినీ పట్టుకున్నట్టే ఉంటుంది గానీ, ఒక్కోసారి మూడే పట్టి నాలుగోదాన్ని వదిలేస్తుంది. పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. తిరగేస్తే లోపల సన్నని ఉచ్చులా వేలాడుతుంటుంది. ఏఎన్ఎం అమ్మాయి చెప్పిన ఉచ్చు సరిగ్గా అదే. ప్రతి చుట్టూ పూర్తయ్యాక లోపలి వైపు బొటనవేలి గోటితో గీసి చూసేదాన్ని. గోరు ఎక్కడైనా తగిలిందంటే అక్కడి దాకా విప్పడమే. మొదటి రోజు అల్లిందానికంటే విప్పిందే ఎక్కువ.

కొలత మరో తలనొప్పి. బిడ్డ ఇంకా కడుపులో ఉంది, ఎవరి పాదం కొలవను? ఎదురింట్లో ఇరవై రోజుల పసివాడు ఉన్నాడు. పసిబిడ్డను కొలవకూడదంటుంది అమ్మ. అందుకని ఎత్తుకుని ఆడిస్తున్నట్టు ఆడిస్తూ, అరికాలికి నా చూపుడువేలు ఆనించి చూసుకున్నాను. మొదలు నుంచి కొస దాకా వేలంతే ఉంది. ఇంటికొచ్చి వేలిని స్కేలు మీద పెడితే ఏడున్నర సెంటీమీటర్లు. కాలు కదలడానికి కాస్త చోటు ఉండాలి కాబట్టి ఎనిమిది అనుకున్నాను.

అడుగు ఇలా వేశాను. 12 గొలుసులు. సూదికి ఆనుకున్న గొలుసును వదిలి, తరువాతి పదింటిలో ఒక్కో పొట్టి కుట్టు, చివరి గొలుసులో మూడు. అలాగే గొలుసు అవతలి అంచుకు తిరిగి 9, మొదలుపెట్టిన చోట 2. మొత్తం 24. అక్కడ ఒక పిన్నీసు తగిలించాను, లేకపోతే చుట్టు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది. తరువాతి చుట్టులో వేళ్ల వైపు మూడు, మడమ వైపు మూడు పెంచితే 30. ఆపైన మళ్లీ అంతే పెంచితే 36. లెక్క సరిగ్గానే ఉంది, వచ్చింది మాత్రం విస్తరాకు దొన్నె! అంచులన్నీ పైకి లేచి కూర్చున్నాయి. పొడవు ఏడు సెంటీమీటర్లే.

అంచు దొన్నెలా లేస్తే కుట్లు చాలలేదని, నూనెలో వేసిన అప్పడంలా అలలు తిరిగితే ఎక్కువయ్యాయని మాకు తెలిసిన లెక్క. ఇక్కడ కుట్లు చాలినన్ని ఉన్నాయి. తప్పు చేతిది. సన్నదారం లేసులో కుట్టు ఎంత బిగువుగా ఉంటే అంత మంచి పని, వదులు కుట్టుకు ఏజెంటు ధర తగ్గిస్తాడు. చిన్నప్పుడు నా కుట్టు వదులుగా ఉందని అమ్మ ఎన్నిసార్లు నెత్తిన మొట్టిందో లెక్కలేదు. ఇప్పుడు ఆ చేతికి వదులుగా పట్టు అని చెబితే ఎలా వింటుంది? రెండు చుట్లు వదులుగా వేసేది, మూడో చుట్టుకు తనకు తెలియకుండానే బిగించేది. మూడు రోజులు దానితో పోట్లాడి, చివరికి సూదినే మార్చాను. మూడున్నర మిల్లీమీటర్ల సూదితో అవే 36 కుట్లు నేల మీద ఒత్తినట్టు పరుచుకున్నాయి. ఎనిమిది సెంటీమీటర్లు.

ఆ తరువాత దారి సాఫీ. గోడ లేపడానికి ఒక చుట్టు కుట్టు వెనక పోగులోనే సూది దూర్చి అల్లాలి. అడుగు ఒకవైపు, గోడ ఒకవైపు మడత పడి నిలబడతాయి. మీద రెండు చుట్లు మామూలుగా. వేళ్ల వైపు 16 కుట్లను రెండేసి కలిపి 8 చేస్తే మొత్తం 28, తరువాతి చుట్టులో ఆ 8ని 4 చేస్తే 24. చీలమండ చుట్టూ ఆ 24 మీదే మూడు చుట్లు, వాటిలో మధ్యది పొడుగు కుట్లు. వాటి నడుమ నుంచి తాడు పోతుంది గనుక వేరే రంధ్రాలు అక్కరలేదు. రిబ్బను పెట్టలేదు. గొలుసు తాడే పొట్టిగా అల్లి, మడమ దగ్గర రెండు కుట్లు వేసి పట్టించాను, లాగినా ఊడిరాకుండా. పూస లేదు, గుండీ లేదు. లెక్కంతా క్యాలెండరు సెప్టెంబరు కాగితం వెనక రాసుకున్నాను.

మర్నాడు పొద్దున దాన్ని కిటికీలో పెట్టి పని మీద ఊళ్లోకి వెళ్లాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కిటికీలో లేదు. పెరట్లో నూతి గట్టు మీద, ఎండలో, పొట్టలో నిమ్మకాయతో నిలబడి ఉంది. కొత్త నమూనా ఏజెంటుకు చూపించేటప్పుడు గంజి పెట్టి, ఆకారం నిలిచేలా ఆరబెట్టి ఇవ్వడం మా ఇంటి అలవాటు. అమ్మ అన్నం వార్చిన గంజిలో ముంచి, మూడురోజులు నేను పోట్లాడి తెచ్చిన మెత్తదనాన్ని వడియం చేసి పెట్టింది. గోటితో తడితే టకటకమంది.

"ఏజెంటు ముచ్చటపడతాడు చూడు" అంది అమ్మ.

"అయ్యో అమ్మా, పసిదాని కాలు గీసుకుపోదూ!" నోరు జారిపోయింది.

అమ్మ నిమ్మకాయ తీసి చీర కొంగుకు తుడుచుకుంది. తొందరేమీ లేదు ఆమెకు. "ఏజెంటు నమూనా అడిగితే దారం కూడా ఇస్తాడు. నువ్వు కొట్టులో కొన్నావు. పైగా అబద్ధం చెప్పేటప్పుడు దారం కొరుకుతావు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే. గంజి పెడితే నువ్వే చెబుతావని పెట్టాను" అంది.

నేను తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. అమ్మ బూటీని తిరగేసి లోపలంతా గోటితో గీసి చూసింది, ఎవరూ చెప్పకుండానే. గోరు ఎక్కడా తగల్లేదు. కాసేపటికి, "ఒకటి అయింది కదా, ఒకటే ఉండనీ. ఒంటి జోడు ఎవరిదీ కాదు. రెండోది బిడ్డ ఏడుపు విన్నాక మొదలుపెట్టు" అంది.

ఇది ఏ శాస్త్రంలో ఉందని అడగలేదు. గంజి వదలడానికి గోరువెచ్చని నీళ్లలో మూడుసార్లు నానబెట్టాను, పిండకుండా తువ్వాలులో అద్ది నీడన ఆరేశాను. మెత్తదనం తిరిగొచ్చింది. ఒంటి బూటీ బియ్యం డబ్బా మీద గుడ్డసంచిలో కూర్చుంది.

ఆశ్వయుజంలో అమ్మాయి పురిటికి వచ్చింది. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన. ఆ నాలుగు రోజులూ సూది పట్టాలని చేతులు పీకాయి. పట్టలేదు.

మార్గశిరంలో, భీమవరంలో, రాత్రి రెండు గంటలకు మనవరాలు పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఏడుపు తలుపు ఇవతలికి వినపడింది. నేను దణ్ణం పెట్టుకున్నాక చేసిన మొదటి పని సంచిలోంచి నాలుగు ఉండలు బయటికి తీయడం. గిన్నెలు లేవు, ఆసుపత్రి క్యాంటీను వాళ్ల కాగితం కప్పుల్లో వేశాను. తెల్లవారేసరికి అడుగు పూర్తయింది. వియ్యాలవారిది సఖినేటిపల్లి, వశిష్ఠ గోదావరి పాయకు అవతలి ఒడ్డు. మంచుకి, ఏరు దాటించే పంటు ఆలస్యంగా కదిలిందట, వాళ్లు వచ్చేసరికి పది దాటింది. వియ్యపురాలు బిడ్డను చూసి, ఆ పక్కన మంచం మీద ఉన్న బూటీని చూసి, "రెండోది ఎక్కడ వదినగారూ?" అంది. చేతిలో ఉన్నది చూపించాను. ఆవిడకు కథంతా చెప్పాల్సి వచ్చింది. నవ్వి నవ్వి పమిట నోట్లో కుక్కుకుంది, పక్క మంచం వాళ్లు లేస్తారని.

మూడో రోజుకు రెండోది పూర్తయింది. రెండూ అరికాలికి అరికాలు ఆనించి చూశాను. కొత్తది ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువగా, స్పష్టంగా పెద్దది.

కాగితం తీసి మళ్లీ లెక్కపెట్టాను. 12 గొలుసులు, 24, 30, 36, ఒక్క కుట్టు తేడా లేదు. అదే సూది, అదే దారం. ఇది నాకు నిజంగా సిగ్గనిపించింది. రెండు వందల చక్రాలు అల్లి ఒకదాని మీద ఒకటి పేర్చితే అంచు అంచుకు కలిసే చేయి నాది. కానీ ఆ రెండు వందలూ రోజూ కూర్చుని అల్లినవి. ఇక్కడ మధ్యలో రెండు నెలల పైన గడిచాయి. పైగా మూడు రాత్రులు నిద్ర లేదు, ఒడిలో ఒకసారి దారం, ఒకసారి బిడ్డ. సూదితో మూడు రోజులు పోట్లాడినా వదులు కాని చేయి ఆసుపత్రి కుర్చీలో తనంతట తానే వదులైంది. జత పని జతగానే చేయాలని, ఒకటి అయిన పూటే రెండోది మొదలుపెట్టాలని కొత్తగా అల్లేవాళ్లకు నేనే చెబుతుంటాను.

విప్పాలి. ఏది విప్పాలి? బిడ్డ పాదానికి వేలు ఆనించి చూశాను, ఈసారి దొంగతనం లేకుండా. నా వేలి కంటే రవ్వంత పొడుగు. చిన్నది సరిగ్గా పడుతుంది గానీ పది రోజులకు బిగువవుతుంది. పెద్దదే ఉండాలి. మొదటిదాని ముడి వెతుకుతుంటే అమ్మ నా చేతిలోంచి తీసేసుకుంది. "దీన్ని విప్పకు. దాని పని అది చేసింది" అంది. ఏమి పని చేసిందో అడగలేదు. వెంటనే మూడోది మొదలుపెట్టాను, ఆ చేయి మళ్లీ బిగుసుకోకముందే. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే రోజుకు అయింది. పెద్దదానికి ఇది సరిజోడు, ముల్లంత తేడా లేదు.

తెల్లవారుజామున మంచు పడే వేళ తొడిగేవాళ్లం, ఎండ రాగానే తీసేవాళ్లం. తీసినప్పుడల్లా అమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూసేది, అయిదూ ఉన్నాయో లేదో లెక్కపెడుతున్నట్టు. మొదటి వారం మనవరాలు ఎడమకాలిది తన్ని పడేసేది. తాడు బిగించడం కాదు, చీలమండ దగ్గర ఇంకో చుట్టు పెంచితే నిలిచింది. నలభై రోజులకల్లా వేళ్లు ముందుకు తగలడం మొదలైంది.

ఏజెంటు సంక్రాంతి వెళ్లాక పాత ఆర్డరు లెక్క చూసుకోవడానికి వచ్చాడు. చక్రాలు తూచి, పుస్తకంలో రాసుకుని, కాఫీ తాగుతూ బియ్యం డబ్బా మీద ఉన్నదాన్ని చూశాడు. తీసుకుని తిరగేశాడు. ఆ జబ్బు అతనికీ ఉంది.

"జత ఎక్కడ అక్కా?"

"దానికి జత లేదు" అన్నాను.

"నమూనాకు ఒకటి చాలులే. సందు లేకుండా అల్లావే, నాలుగు పోగులా? దారం తింటుంది కదా." అంటూనే, అలవాటుగా, దాన్ని తక్కెడలో వేశాడు. పదకొండు గ్రాములు. అమ్మ తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసింది. నా నోట్లో దారం లేదు.